గిటార్ సెటప్: స్క్రూ తిప్పే ముందు వరుస తెలియాలి

గిటార్ వాయించేవాళ్లలో చాలామందికి ఒక దురలవాటు ఉంది. తీగలు ఎత్తుగా అనిపించగానే బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగల కింది కొన ఆనే భాగం) దగ్గరి స్క్రూల మీద పడతారు. కిందికి దించాక గరగర మొదలైతే వాటినే మళ్లీ వెనక్కి తిప్పుతారు. తప్పు బ్రిడ్జ్‌ది కాకపోవచ్చు, నెక్, అంటే మెడ, వంగి ఉండవచ్చు అన్న అనుమానమే రాదు. మా బృందంలోని గిటార్ల బాగోగులు చాలాకాలంగా నేనే చూస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: ఇంట్లో చేసుకునే సెటప్‌లో అసాధ్యమైన పని ఒక్కటీ లేదు, కానీ వరుస తప్పితే ఏ పనీ నిలవదు. ముందు కొత్త తీగలు, తర్వాత నెక్ వంపు, ఆ తర్వాత తీగల ఎత్తు, చివరికి ఇంటొనేషన్, అంటే మెడ మీద ఎక్కడ నొక్కినా శ్రుతి నిలిచేలా చూడడం. ముందు చేసిన ప్రతి పనీ తర్వాతి కొలతలన్నిటినీ మారుస్తుంది. చివరి నుంచి మొదలుపెట్టినవాళ్లు చేసిందే మళ్లీ చేస్తూ కూర్చుంటారు.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. మీ గిటార్‌కు సరిపోయే అలెన్ కీలు, ఒక స్క్రూడ్రైవర్, అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, ట్యూనర్, క్యాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి ఉంచే బిగింపు), తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయర్ చాలు. సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటే మంచిదే. లేకపోతే దిగులు లేదు. మామూలు ప్రింటర్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు, బ్యాంకు కార్డు మందం 0.76 మిల్లీమీటరు. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డు రెండు మూడు దొరికితే తీగల ఎత్తు కొలవడానికి స్కేలు కన్నా అవే నయం. వీటన్నిటికన్నా ముఖ్యమైనవి చీటీ, పెన్సిలు. ఏదీ తిప్పకముందే ఇప్పుడున్న కొలతలు, తీగల మందం, తేదీ రాసి చీటీని గిటార్ పెట్టెలోనే ఉంచండి. పని చెడితే తిరిగి రావడానికి దారి అదొక్కటే.

తీగలతో మొదలుపెడదాం. పాత తీగలు చెమటకూ మురికికీ ఒక్కోచోట ఒక్కో బరువుతో ఉంటాయి. వాటి మీద ఎంత జాగ్రత్తగా చేసినా ఇంటొనేషన్ కుదరదు. బిగువుగా ఉన్న తీగను ఎప్పుడూ కత్తిరించకండి, పూర్తిగా వదులు చేశాకే కత్తిరించండి. తెగిన కొన కంటికి తగలవచ్చు. స్ప్రింగుల మీద తేలే ట్రెమొలో బ్రిడ్జ్ ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌కు మాత్రం ఒక తీగ తీసి ఒక తీగ వేయండి. అన్నీ ఒకేసారి తీస్తే స్ప్రింగులు బ్రిడ్జ్‌ను వెనక్కి లాగేస్తాయి, మళ్లీ సమతూకం తేవడానికి సాయంత్రమంతా పోతుంది.

అకూస్టిక్ గిటార్‌లో తీగ చివరి గుండు బ్రిడ్జ్ పిన్ను మొన మీద ఆగకూడదు. లోపల చెక్క పలకకు ఆనాలి. గుండుకు కాస్త పైన తీగను వేలితో కొద్దిగా వంచి, రంధ్రంలోకి దించి, పిన్నును నొక్కుతూనే తీగను పైకి లాగండి. గుండు పలకకు తగిలి ఆగినట్టు చేతికి తెలుస్తుంది. అది తెలియకపోతే శ్రుతి చేస్తుండగా పిన్ను ఎగిరి పడుతుంది. పై కొన దగ్గర, చుట్టాల్సిన పోస్టు దాటి లావు తీగకు 5 సెంటీమీటర్లు, సన్న తీగకు 7 సెంటీమీటర్లు వదిలి చుడితే రెండు మూడు చుట్లు వస్తాయి. చుట్లు ఒకదాని కింద ఒకటి దిగాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. శ్రుతి చేశాక ప్రతి తీగనూ మధ్యలో పట్టి మెల్లగా పైకి లాగి వదలండి. శ్రుతి దిగుతుంది. మళ్లీ చేయండి. లాగినా దిగడం మానేదాకా ఇది సాగాలి. "కొత్త తీగలు రెండు రోజులు శ్రుతి నిలవవు" అనేవాళ్లలో చాలామంది ఈ పని చేయనివాళ్లే.

ఒక హెచ్చరిక. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు స్టీలు తీగలు ఎక్కించవద్దు. నైలాన్ తీగలు ఆరూ కలిసి లాగే బలం సుమారు 40 కిలోలు, అకూస్టిక్ స్టీలు తీగలైతే 70 కిలోలు దాటుతుంది. ఆ బరువుకు బ్రిడ్జ్ ఊడిరావచ్చు, నెక్ శాశ్వతంగా వంగిపోవచ్చు.

ఇప్పుడు నెక్. అందరూ భయపడేది దీనికే. నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. తీగలు నెక్‌ను ముందుకు లాగుతుంటే అది వెనక్కి లాగి నిలబెడుతుంది. గిబ్సన్ కంపెనీ 1920లలోనే తన గిటార్లలో సర్దుబాటు చేసుకోగల రాడ్డు పెట్టింది. శతాబ్దంగా వాడుకలో ఉన్నదాన్ని చూసి వణకాల్సిన పని లేదు. అలాగని చనువు కూడా తీసుకోకూడదు.

నెక్ బల్లపరుపుగా ఉండకూడదు, కొద్దిగా ముందుకు వంగి ఉండాలి. మోగే తీగ మధ్యలో ఎక్కువగా ఊగుతుంది కాబట్టి ఆ ఊపుకు చోటు కావాలి. కొలిచే తీరు ఇది. గిటార్‌ను శ్రుతి చేసి, ఒడిలో వాయించే భంగిమలోనే పట్టుకోండి. బల్ల మీద వెల్లకిలా పెడితే నెక్ బరువుకు కొలత మారుతుంది. మొదటి ఫ్రెట్ (మెడకు అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర క్యాపో పెట్టి, నెక్ ఒంటికి కలిసేచోట ఉన్న ఫ్రెట్ దగ్గర ఆరో తీగను, అంటే అన్నిటికన్నా లావు తీగను, నొక్కండి. ఇప్పుడు తీగే మీ స్కేలు. ఏడో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత సందు ఉందో చూడండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నటి గీతలా కనిపిస్తుంది. అక్కడ తీగను వేలితో తట్టండి. "టిక్" అని చిన్న చప్పుడు వస్తే సందు ఉన్నట్టు. చప్పుడే రాకపోతే నెక్ నిటారుగా అయినా ఉంది, వెనక్కి అయినా వంగింది. రెండు కాగితాలు సులువుగా దూరి, మూడోది కాస్త బిగువుగా ఉంటే, అంటే 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంటే, ఇక రాడ్డు జోలికి పోవద్దు. బాగున్నదాన్ని బాగుచేయకూడదు.

సందు ఎక్కువైతే రాడ్డు బిగించాలి. రాడ్డు కొనన ఉండే నట్టుకు ఎదురుగా చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పండి. సందు తక్కువైతే వ్యతిరేక దిశలో వదులు చేయాలి. ఏదైనా ఒకసారికి పావు చుట్టుకు మించవద్దు. బిగించే ముందు తీగలను కాస్త వదులు చేస్తే రాడ్డుకు శ్రమ తగ్గుతుంది. తర్వాత మళ్లీ శ్రుతి చేసి కొలవండి. చెక్క ఒక్కోసారి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి మర్నాడు ఇంకోసారి చూడండి. కీ విషయంలో మాత్రం నేను చాదస్తుణ్ని. కొన్ని గిటార్లకు మిల్లీమీటర్ల కీ, కొన్నింటికి అంగుళాల కీ కావాలి. పక్క సైజు కీ కూడా దాదాపు సరిపోయినట్టే ఉంటుంది. ఆ "దాదాపు" వల్లే నట్టు మూలలు అరిగిపోతాయి, తర్వాత ఏ కీ పట్టదు. మామూలు బలానికి తిరగకపోతే అక్కడే ఆపి మెకానిక్‌కు చూపించండి. క్లాసికల్ గిటార్లలో చాలావాటికి ఈ రాడ్డే ఉండదు, వెతికి కంగారు పడకండి.

నెక్ కుదిరాకే తీగల ఎత్తు, అంటే యాక్షన్. క్యాపో తీసేసి, పన్నెండో ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు కొలవండి. ఎలక్ట్రిక్‌లో ఆరో తీగకు 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు, ఒకటో తీగకు 1.2 నుంచి 1.6. అకూస్టిక్‌లో ఆరో తీగకు 2.4 నుంచి 2.8, ఒకటో తీగకు 1.6 నుంచి 2. కార్డుల లెక్కలో అకూస్టిక్ ఆరో తీగ కింద మూడు కార్డులు, ఒకటో తీగ కింద రెండు కార్డులు దూరితే దాదాపు సరైన చోటే ఉన్నట్టు. క్లాసికల్‌కు ఇంకా ఎత్తు కావాలి, ఆరో తీగకు 4, ఒకటో తీగకు 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఇవి శిలాశాసనాలు కావు. గట్టిగా వాయించే చేతికి ఎత్తు ఎక్కువ కావాలి. వీలైనంత తక్కువ యాక్షనే గొప్ప అనుకోవడం నాకు నచ్చని ఫ్యాషన్. తీగకు ఊగే చోటు లేకపోతే నాదం పలచబడుతుంది.

ఎలక్ట్రిక్‌లో శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) స్క్రూలు తిప్పితే పని అయిపోతుంది. అకూస్టిక్‌లో శాడిల్ అంటే బ్రిడ్జ్ గాడిలో కూర్చున్న ఎముక లేదా ప్లాస్టిక్ పలక. దాన్ని బయటికి తీసి అడుగు వైపు అరగదీయాలి. పై అంచును ముట్టుకోకూడదు, దాని వంపు ఫింగర్‌బోర్డుకు, అంటే ఫ్రెట్లు దిగిన పలకకు, తగినట్టు ఉంటుంది. పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా మధ్యలో ఉంటుంది కనుక, అక్కడ 0.5 మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ 1 మిల్లీమీటరు తగ్గాలి. ఎంత తీయాలో పెన్సిలుతో గీత గీయండి. గాజుపలక మీద గరుకు కాగితం పరిచి, శాడిల్‌ను నిటారుగా పట్టుకుని ఒకే దిశలో రుద్దండి. గీతకు కాస్త ముందే ఆగి, పెట్టి చూడండి. తీసింది తిరిగి అతకదు. అడుగు ఏమాత్రం వంకరపోయినా శాడిల్ గాడిలో సరిగా ఆనదు, కింద పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) ఉన్న గిటార్‌లో అయితే ఒక తీగ పెద్దగా, ఒక తీగ చిన్నగా వినిపిస్తుంది.

ఇక మెడ పై కొనన, తీగలు గాడుల్లో కూర్చునే పలక, నట్. రెండో, మూడో ఫ్రెట్ల మధ్య తీగను నొక్కి, మొదటి ఫ్రెట్ మీద చూడండి. వెంట్రుక దూరేంత సందు ఉండాలి. మరీ ఎక్కువైతే మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కడానికి వేళ్లు నొప్పిపుడతాయి, స్వరం కూడా శ్రుతి మించుతుంది. కొత్తగా నేర్చుకునేవారు ఎఫ్ కార్డు (ఇక్కడ కార్డు అంటే కలిపి మీటే స్వరాల గుంపు) రాక ఏడ్చేది సగం నట్ వల్లే, వాళ్లు మాత్రం తమ వేళ్లనే తిట్టుకుంటారు. నట్ గాడిని లోతు చేయడానికి తీగ మందానికి తగిన ప్రత్యేకమైన ఆకురాళ్లు కావాలి. అవి లేకుండా ఆ పనికి దిగకండి, అది మెకానిక్ పనే. శ్రుతి చేస్తుండగా తీగ నట్ దగ్గర "టింగ్" అని గెంతుతుంటే మాత్రం ఇంట్లోనే మందు ఉంది. గాడిలో మెత్తటి పెన్సిలు ములికితో రుద్దండి. గ్రాఫైట్ వల్ల తీగ జారుతుంది.

గరగర ఎక్కడ వస్తుందో చెబితే కారణం సగం చెప్పినట్టే. నొక్కకుండా మీటినప్పుడే వస్తే నట్ గాడి లోతయింది. మొదటి నాలుగైదు ఫ్రెట్ల దగ్గర వస్తే నెక్‌లో వంపు చాలదు. పన్నెండు దాటాక వస్తే యాక్షన్ తక్కువైంది, లేదా నెక్ వంపు మరీ ఎక్కువైంది. ఒకే ఒక్క చోట వస్తే దాని తర్వాతి ఫ్రెట్ పైకి లేచింది. తిన్నని అంచున్న బ్యాంకు కార్డును మూడు ఫ్రెట్ల మీద ఆనించండి, అటూ ఇటూ ఊగితే మధ్య ఫ్రెట్టే నేరస్థుడు. ఫ్రెట్లు అరగదీయడం మళ్లీ మెకానిక్ పని.

ఇంటొనేషన్ అంటే మెడ పొడవునా శ్రుతి నిలవడం. పన్నెండో ఫ్రెట్ మీద నొక్కకుండా వేలు తాకించి తీసిన హార్మోనిక్‌నూ అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే శాడిల్‌ను నట్ నుంచి దూరంగా జరపండి, తక్కువగా ఉంటే దగ్గరికి తీసుకురండి. జరిపిన ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేశాకే పోల్చాలి. గట్టిగా అదిమి నొక్కితే తేడా మీ వేలిదే అవుతుంది. రెండు మూడు సెంట్ల (ఒక ఫ్రెట్ దూరంలో నూరో వంతు ఒక సెంటు) లోపు వచ్చిందంటే వదిలేయండి. అకూస్టిక్‌లో శాడిల్ కదలదు కనుక, కొత్త తీగలు వేశాకా, ఎత్తు సరిచేశాకా తేడా బాగా మిగిలితే దాన్ని మెకానిక్‌కు వదలాల్సిందే.

సంపూర్ణమైన శ్రుతి కోసం మాత్రం రాత్రులు మేలుకోవద్దు. గిటార్ ఫ్రెట్లు సప్తకాన్ని 12 సమాన భాగాలు చేస్తాయి. అందులో షడ్జం నుంచి అంతర గాంధారం దూరం సహజమైన దానికన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ. ఇ మేజర్ కార్డు చెవికి తీయగా కలిసేలా తీగలు సవరించుకుంటే సి మేజర్ కార్డు చెడిపోవడానికి కారణం ఇదే. అది మీ గిటార్ లోపం కాదు.

శుభ్రం సంగతి త్వరగా చెప్పేస్తాను. వాయించాక పొడి నూలు గుడ్డతో తీగలు తుడవడం ఏ పాలిష్‌కన్నా మేలు. రోజ్‌వుడ్, ఎబొనీ ఫింగర్‌బోర్డులకు ఏడాదికి ఒకటి రెండుసార్లు నాలుగు చుక్కల మినరల్ ఆయిల్ పూసి కొద్ది నిమిషాల్లో తుడిచేయండి. పైపూత ఉన్న మేపుల్‌కు నూనె అక్కర్లేదు, కొద్దిగా తడిపిన గుడ్డ చాలు. ఫ్రెట్లను సన్నటి స్టీలు ఊలుతో మెరిపిస్తే ముందుగా పికప్పుల మీద టేపు అంటించండి, లేకపోతే రజనంతా అయస్కాంతాలకు పట్టుకుంటుంది.

చెక్కకు 45 నుంచి 55 శాతం తేమ అనుకూలం. గాలి పొడిబారితే ఫింగర్‌బోర్డు కుంచించుకుపోయి ఫ్రెట్ కొనలు చేతికి గీసుకుంటాయి, తీగలు దిగి గరగరలాడతాయి. తేమ పెరిగితే పై పలక ఉబ్బి తీగలు లేస్తాయి. అందుకే చీటీలో తేదీతో పాటు తేమ కూడా రాయమంటాను. ఎండలో మూసిన కారులో గిటార్ వదిలితే జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేవవచ్చు. బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూరుతుందేమో అప్పుడప్పుడు చూడండి. దూరితే తీగలు వదులు చేసి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

ఎలక్ట్రిక్‌వాళ్లకు రెండు మాటలు మిగిలాయి. పికప్ ఎత్తు చివర చూడండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కినప్పుడు దానికీ పికప్‌కూ మధ్య 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు ఉంచి, అక్కడి నుంచి చెవితో సవరించుకోండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి స్వరం వణుకుతుంది. తీగ ఎత్తు మార్చినప్పుడల్లా ఇదీ మారుతుంది. రెండోది జాక్, అంటే కేబుల్ గుచ్చే చోటు. కేబుల్ కదిపినప్పుడు చిటపటలాడితే బయటి నట్టు వదులై ఉండవచ్చు. దాన్ని బిగించేటప్పుడు జాక్ కూడా తిరిగిపోకుండా లోపలి నుంచి పట్టుకోండి. పట్టుకోకపోతే లోపలి వైర్లు మెలిపడి తెగుతాయి, అప్పుడు టంకం పెట్టాల్సి వస్తుంది.