డిమెన్షియా వచ్చిన అమ్మానాన్నల డబ్బు వ్యవహారాలు చట్టప్రకారం చూసుకోవడం ఎలా?

డిమెన్షియా అని తెలియగానే చాలా ఇళ్లలో మొదట అనుకునే మాట ‘జీపీఏ (మన తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇచ్చే జనరల్ పవరాఫ్ అటార్నీ) రాయించుకుందాం’. చిక్కంతా అక్కడే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 201 ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ పవరాఫ్ అటార్నీ చెల్లదు. సరిగ్గా మీకు అవసరం పడే వేళకే అది చేతికి అందకుండా పోతుంది. అందుకే ముందు జబ్బు ఏ దశలో ఉందో తేల్చుకోవాలి.

ఇంకా విషయం అర్థమవుతుంటే

జబ్బు పేరు చీటీ మీద పడినంత మాత్రాన సంతకం చెల్లకుండా పోదు. సంతకం పెట్టే సమయానికి విషయం తెలిసి, మంచిచెడ్డలు ఆలోచించగలిగితే చట్టానికి అది చాలు. ఈ నెలల్ని పోగొట్టుకోకండి.

1. న్యూరాలజిస్టు గానీ సైకియాట్రిస్టు గానీ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకోండి. ‘డిమెన్షియా ఉంది’ అని రాస్తే సరిపోదు. ‘ఈ పత్రంలో ఏముందో ఈయనకు అర్థమవుతోంది’ అని తేదీతో సహా ఉండాలి. పత్రం రాసే రోజుకు అది ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

2. బ్యాంకు ఖాతాను జాయింటుగా, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా నడుపుకోగల) పద్ధతికి మార్పించండి. నామినీగా పేరుంది కదా అని ఊరుకోవద్దు. నామినీకి హక్కు వచ్చేది ఖాతాదారు పోయాకే. బతికుండగా ఒక్క రూపాయి కూడా తీయలేరు.

3. వీలునామా రాయాలనుకుంటే ఇప్పుడే రాసి రిజిస్టర్ చేయించాలి. కదల్లేని స్థితిలో ఉంటే సబ్-రిజిస్ట్రార్ ఇంటికే వచ్చేలా దరఖాస్తు చేయవచ్చు. ఉదయం పూటే పెట్టుకోండి. ఈ జబ్బులో సాయంత్రానికి అయోమయం పెరగడం మామూలే, మనిషికి మతి లేదనిపిస్తే సబ్-రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ నిరాకరిస్తారు.

ఆ దశ దాటిపోతే

ఇక కోర్టే దారి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద పెట్టుకునే ప్రతినిధి వైద్య విషయాలకే పరిమితం. ఆస్తికి గార్డియన్‌ను పెట్టే వీలున్న 1987 చట్టం రద్దయింది. నేషనల్ ట్రస్ట్ చట్టంలో డిమెన్షియా లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 14లో పరిమిత గార్డియన్ ఏర్పాటు ఉంది గానీ, అది ఆ మనిషితో సంప్రదించి నిర్ణయం తీసుకునే పద్ధతి. కన్నబిడ్డల్నే గుర్తుపట్టని స్థితిలో అది అంతగా కుదరదు. అలాంటప్పుడు హైకోర్టులో (ఆంధ్రప్రదేశ్ వాళ్లకు అమరావతిలోని నేలపాడులో ఉంది), రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద గార్డియన్‌గా నియమించమని రిట్ పిటిషన్ వేయాలి. విజయవాడ, గుంటూరు వాళ్లకు అది దూరాభారం కాదు.

కావలసిన కాగితాలు: చికిత్స రికార్డులు, వీలైతే ప్రభుత్వాసుపత్రి డాక్టర్ల ధ్రువీకరణ (గుంటూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్ ఉంది), వారసులందరి వివరాలు, బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు, దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), నెలనెలా మందులకూ, చూసుకునే మనిషికీ అయ్యే ఖర్చు లెక్క.

వీటన్నిటికంటే ముఖ్యం అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఇచ్చే సమ్మతి అఫిడవిట్లు. అమెరికాలో ఉన్న తమ్ముడి సంతకం కోసమైనా ఆగండి. ఒక్కరు అడ్డం తిరిగినా కేసు తేలకుండా సాగుతూనే ఉంటుంది.

పిటిషన్‌లో ‘వ్యవహారాలు చూసుకునే అధికారం’ అని గుండుగుత్తగా రాస్తే, తర్వాత బ్యాంకులో ‘ఎఫ్‌డీ తీయమని ఇందులో లేదు కదా’ అనే మాట ఎదురవుతుంది. ఖాతా నంబర్లు, ఎఫ్‌డీలు, పెన్షన్, అద్దెలు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను, అమ్మాల్సిన ఆస్తి సర్వే నంబరు, అన్నీ విడివిడిగా అడగమని లాయరుకు చెప్పండి. ఆసుపత్రి ఖర్చు ఆగేది కాకపోతే మధ్యంతర ఉత్తర్వు కూడా కోరాలి.

ఈలోగా నిద్రలో ఉన్న నాన్నగారి వేలిముద్ర వేయించుకోవడం, మతిలేని అమ్మ చేత గిఫ్ట్ డీడ్ రాయించడం మాత్రం వద్దు. బ్యాంకుల్లో ఇద్దరు సాక్షులతో వేలిముద్ర తీసుకునే సదుపాయం మనసు బాగుండి ఒళ్లు సహకరించని వాళ్ల కోసం. ఉత్తర్వు వచ్చాక సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోండి, వాళ్ల డబ్బును మీ ఖాతాలో కలపకండి, ప్రతి ఖర్చుకూ రసీదు ఉంచండి. కోర్టు లెక్క అడగవచ్చు.

లాయరు ఖర్చు భరించలేకపోతే 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. మహిళలకూ, దివ్యాంగులకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.