కొత్త తరహా హిప్‌హాప్‌ను విని, విన్నదాన్ని మన మాటల్లో రాసుకోవడం ఎలా

ప్రయోగాత్మక హిప్‌హాప్ ఆల్బమ్‌నో, ఇంటర్నెట్‌లోనే పుట్టి అక్కడే పెరిగిన ఆల్బమ్‌నో మొదటిసారి విన్నవారు సాధారణంగా 'ఇదేం గోల' అంటారు, కాకపోతే 'అద్భుతం' అంటారు. ఆ రెండు మాటలూ విన్న మనిషి గురించి గానీ, విన్న సంగీతం గురించి గానీ ఏమీ చెప్పవు. విశాఖపట్నంలో ఉంటూ, కొన్నేళ్లుగా ఇటువంటి ఆల్బమ్‌లు ఒక్కొక్కదానికి నోటుపుస్తకంలో రెండు మూడు పేజీలు కేటాయిస్తూ వచ్చాను. ఆ అనుభవంతో, వినడం ఎక్కడ మొదలుపెట్టాలో, విన్నప్పుడు కలిగినదాన్ని చెడగొట్టకుండా ఎలా రాసుకోవాలో చెబుతాను. అన్నిటికంటే గట్టిగా పాటించవలసిన నియమం ఒకటుంది: మొదటిసారి రాసిన మాటను, తరువాత ఎంత తెలిసినా సరే, కొట్టివేయకూడదు.

ముందుగా చిన్న ఆల్బమ్ ఎంచుకోండి. అమెరికన్ ర్యాపర్ ఎర్ల్ స్వెట్‌షర్ట్ 2018 నవంబరులో విడుదల చేసిన 'సమ్ ర్యాప్ సాంగ్స్'లో 15 పాటలున్నా మొత్తం నిడివి 24 నిమిషాలే. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి మొదలుపెడితే ఋషికొండ రాకముందే పూర్తవుతుంది. 100 గెక్స్ అనే జంట 2019లో తెచ్చిన '1000 గెక్స్' 23 నిమిషాలు. అయితే మొదటి వినికిడికి బస్సు పనికిరాదు, బీచ్ రోడ్డు అసలే పనికిరాదు. అలల హోరులో మంద్రం నుంచి తారం దాకా అన్ని స్థాయిల ధ్వనులూ కలిసి ఉంటాయి గనుక, పాత రికార్డు నుంచి వచ్చే గరగర, గాయకుడు ఊపిరి పీల్చిన చప్పుడు వంటివన్నీ అందులో మునిగిపోతాయి. ఈ సంగీతంలో చాలా విషయం ఆ చప్పుళ్లలోనే ఉంటుంది. ఇంట్లో ఫ్యాను కూడా అదే పని చేస్తుంది. మే నెల ఉక్కపోతలో ఫ్యాను ఆపి కూర్చోవడం మన ఊళ్లో అయ్యే పని కాదు కాబట్టి, తెల్లవారుజామున అయిదింటికి వినడం నాకు అలవాటైంది.

ఫోను స్పీకరులో వినకండి, అడుగున మోగే బేస్ అందులో పలకదు. ఇయర్‌ఫోన్స్‌ను కూడా ముందు పరీక్షించుకోవాలి. ఒకసారి కొత్తగా కొన్నవాటిలో ఎడమవైపు పలకడం లేదని గమనించకుండా ఒక ఆల్బమ్ మొత్తం విని, 'అంతా బోలుగా ఉంది, ఏదో తప్పిపోయింది' అని పేజీ నిండా రాశాను. తప్పిపోయింది నిజంగా సగం సంగీతమే. అప్పటినుంచి, నాకు కంఠతా వచ్చిన ఇళయరాజా పాట ఒకటి రెండు చెవులా విని చూసుకున్న తరువాతనే ఆల్బమ్ మొదలుపెడుతున్నాను.

మొదటి వినికిడిలో బాగుంది, బాగోలేదు అన్న మాటలు రాయవద్దు. నిమిషం, సెకను వేసి, ఆ క్షణంలో ఒంటికి ఏమైందో రాయండి. శాక్రమెంటో నగరానికి చెందిన డెత్ గ్రిప్స్ బృందం 2012లో తెచ్చిన 'ద మనీ స్టోర్' విన్న రోజు నా పేజీలో ఉన్నవి ఇవి: 'దవడ బిగిసింది.' 'ఎవరో తలుపు దబదబ బాదుతున్నారనిపించి ఒక చెవి తీసి చూశాను.' 'భుజాలు పైకి లేచి ఉన్నాయి, దించాను.' ఇవి విమర్శ కావు. కానీ ఆ ఆల్బమ్ వినేవాణ్ణి ఎలా పట్టుకుంటుందో ఈ మూడు వాక్యాలు చెప్పినంతగా నేను తరువాత రాసిన పెద్ద పెద్ద పేరాలు చెప్పలేకపోయాయి.

ఈ దశలో తెలుగు మనకు గొప్ప ఆసరా అవుతుంది. ధ్వనిని అనుకరించే మాటలు మన భాషలో ఎన్ని ఉన్నాయో ఈ సంగీతం విన్నప్పుడే నాకు తెలిసివచ్చింది. గొంతును కావాలని చెడగొట్టి రికార్డు చేస్తే బరబర, తెగిపోయి మళ్లీ అతుక్కునే బీట్ టకటక, పాత రికార్డు మీది దుమ్ము చిటపట, చెవిలో మిగిలిపోయే సన్నని కూత గుయ్యి. రేవులో ఓడ కూత వేసినప్పుడు చెవికంటే ముందు ఛాతీకి తెలిసే ఆ అదురు, బేస్ గురించి రాయవలసి వచ్చిన ప్రతిసారీ నాకు గుర్తుకొస్తుంది. అరువు విశేషణాల కోసం వెతకడం మాని ఇటువంటి మాటలు వాడితే, ఏడాది తరువాత ఆ పేజీ తెరిచినా ధ్వని మళ్లీ వినిపిస్తుంది.

రెండో వినికిడి లయ కోసం. అమెరికన్ యాసలో వేగంగా దొర్లిపోయే మాటలు అర్థం కాలేదని చిన్నబుచ్చుకోనక్కరలేదు. గొంతును కాసేపు మృదంగం అనుకుని, తొడ మీద తాళం వేస్తూ వినండి. తాళం పడిన తరువాత పాట ఎత్తుకుంటే అనాగతమని, ముందే ఎత్తుకుంటే అతీతమని మన సంగీతంలో పేర్లున్నాయి. ఎర్ల్ గొంతు బీట్ వెనకాల కాళ్లీడ్చుకుంటూ వస్తున్నట్టు నాకు వినిపిస్తుంది, తాళం వేసి చూస్తే గానీ అది పట్టుబడలేదు. డెట్రాయిట్‌కు చెందిన జె డిల్లా డ్రమ్ములను ఎంపీసీ అనే యంత్రం మీద వేళ్లతో వాయించి, యంత్రం చేసే లయ సవరణకు వాటిని పూర్తిగా లొంగనిచ్చేవారు కాదు. ఆయన బీట్లు తూలుతూ కూడా పడిపోకుండా నడవడానికి కారణం అది. (ఆ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని మ్యూజియంలో ఉంది.) 2004 నాటి 'మ్యాడ్‌విలనీ' ఆల్బమ్‌లో ర్యాపర్ ఎంఎఫ్ డూమ్ పాదం చివరనే కాక నడుమ కూడా ప్రాసలు పేరుస్తారు. ఆ ఆల్బమ్ తొలి రూపం విడుదలకు ఏడాదికి పైగా ముందే ఇంటర్నెట్‌లో బయటపడిపోగా, డూమ్ తన గొంతును మరింత నింపాదిగా మార్చి మళ్లీ రికార్డు చేశారు. శ్రీశ్రీ మాత్రాఛందస్సును పైకి చదువుకున్న అలవాటున్నవారికి ఈ ప్రాసల పట్టు త్వరగా దొరుకుతుంది.

ఇంటర్నెట్‌లో పుట్టిన ఆల్బమ్‌లలో చాలావాటికి ముడిసరుకు పాత పాటే. మ్యాకింటాష్ ప్లస్ పేరుతో 2011 డిసెంబరులో వచ్చిన 'ఫ్లోరల్ షాప్'లో అందరికీ తెలిసిన భాగం, డయానా రాస్ 1984లో పాడిన పాటను బాగా నెమ్మదింపజేసి, కోసి, అతికించినది. వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగిపోతుంది గనుక ఆమె గొంతు మగగొంతులా బరువెక్కుతుంది. సెల్స్ అయిపోతున్న టేప్‌రికార్డరులో సుశీల పాట సాగిపోవడం చిన్నప్పుడు విన్నవారికి ఇది కొత్త కాదు. ఆ భాగం విన్నప్పుడు నాకు మా ఇంటి టేప్‌రికార్డరు, దాని వెనక సెల్స్ తీసి ఎండలో పెట్టడం గుర్తొచ్చాయి. అలాంటి జ్ఞాపకం వస్తే సంకోచం లేకుండా రాయండి, కానీ 'ఇది నా జ్ఞాపకం' అని పక్కన గుర్తు పెట్టండి. మ్యాడ్‌లిబ్ 2007లో భారతీయ సినిమా పాటల ముక్కలతో చేసిన 'బీట్ కండక్టా ఇన్ ఇండియా' వంటివి వినేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. పరిచయమైన గొంతు వినిపించగానే కలిగే సంతోషం శాంపిల్‌ది, అంటే పాత పాట నుంచి కోసి తెచ్చిన ఆ ముక్కది కాక, మన బాల్యానిది కావచ్చు.

కొన్ని పాటల్లో హింస, బూతు దండిగా ఉంటాయి. భరించలేక ఆపేస్తే, ఎక్కడ ఆపారో రాసి తేదీ వేయండి.

ఆల్బమ్ వెనక కథ, ఇతరుల అభిప్రాయాలు మొదటి రెండు వినికిడులూ అయ్యాకే, మూడోదానికి ముందు చదవాలి. ఆ తరువాత రాసేది వేరే రంగు సిరాతో రాయాలి. 'సమ్ ర్యాప్ సాంగ్స్' 13వ పాట దగ్గర నా మొదటి నీలిసిరా వాక్యం ఇలా ఉంది: 'ఎవరో స్త్రీ సభలో మాట్లాడుతోంది, ఎవరో పెద్దాయన ఏదో చదువుతున్నారు. ర్యాప్ లేదు. దాటేయాలనిపించింది.' ఆ స్త్రీ ఎర్ల్ తల్లి. ఆ పెద్దాయన ఆయన తండ్రి, దక్షిణాఫ్రికా కవి కెయొరపెట్సె ఖొసిత్సిలే. చదువుతున్నది తన కవితే. కొడుకుకు దూరంగా ఉండిన ఆ తండ్రి, ఆల్బమ్ రాకముందే 2018 జనవరిలో కన్నుమూశారు. ఒకరికొకరు దూరమైన ఇద్దరి గొంతులను కొడుకు పక్కపక్కన కూర్చోబెట్టాడు. అదే నెలలో మరణించిన దక్షిణాఫ్రికా సంగీతకారుడు హ్యూ మసెకెలా సంగీతపు ముక్క మీద చివరి పాట నడుస్తుంది. అందులో మాటలే లేవు.

ఆ నీలి వాక్యాన్ని నేను కొట్టివేయలేదు. దాని కింద ఎర్రసిరాతో, 'ఇద్దరి మధ్య ఖాళీ ఎంతసేపుందో ఈసారి లెక్కపెట్టాను' అని ఉంది. నెల తరువాత నాలుగోసారి విన్న తెల్లవారుజామున, 15వ పాటకు ఎదురుగా ఆకుపచ్చ సిరాతో రాసినది ఇంతే: 'పాట ఆగాక ఇయర్‌ఫోన్స్ తీయలేదు. నాన్నకు ఫోను చేశాను.'