హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు: లెక్కగట్టే పద్ధతి

తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో బయలుదేరి, అదే రోజు మధ్యాహ్నం 3 గంటలకు డల్లాస్‌లో దిగుతారని టికెట్టు మీద ఉందనుకుందాం. అది చూసి 11 గంటల ప్రయాణమేనని సంబరపడే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. అది జనవరి టికెట్టయితే ప్రయాణం నిజానికి 22 గంటల 30 నిమిషాలు.

ముందు దూరం సంగతి చూద్దాం. గోడ మీది ప్రపంచ పటంలో ఈ రెండు ఊళ్లను స్కేలు పెట్టి కలిపితే గీత అరేబియా, సహారా, అట్లాంటిక్‌ల మీదుగా పోతుంది. అది దగ్గరి దారి కాదు. గ్లోబు మీద దారం ఒక కొసను హైదరాబాద్ వద్ద, రెండో కొసను డల్లాస్ వద్ద అదిమిపట్టి బిగువుగా లాగితే, ఆ దారం మధ్య ఆసియా, రష్యాల మీదుగా పైకి పాకి, ఉత్తర ధ్రువానికి దాదాపు 5 డిగ్రీల దూరం నుంచి అవతలివైపు కెనడాలోకి దిగుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలకు పైగా ఉండడమే ఇందుకు కారణం.

లెక్కతో తేల్చడానికి రెండు అక్షాంశాల సైన్‌ల లబ్ధాన్ని ఒక పక్కన, వాటి కొసైన్‌ల లబ్ధాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణించి మరో పక్కన వేసుకుని, రెండూ కలపాలి. వచ్చిన విలువ ఏ కోణానికి కొసైన్ అవుతుందో చూసి, ఆ కోణాన్ని 111.2తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. శంషాబాద్‌కు 17.24 ఉత్తరం, 78.43 తూర్పు, డల్లాస్ ఫోర్ట్‌వర్త్‌కు 32.90 ఉత్తరం, 97.04 పడమర అని వేసుకుంటే కోణం 129.7 డిగ్రీలు, దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. పడమటి రేఖాంశానికి రుణ గుర్తు పెట్టడం మరిచిపోతే మాత్రం లెక్క తలకిందులవుతుంది.

అయితే మనం ఎక్కేది దారం వెంట పోయే విమానం కాదు. దోహా మీదుగా వెళ్తే మొదటి అంచె దాదాపు 2,900, రెండోది 12,750 కిలోమీటర్లు. అంటే 1,250 కిలోమీటర్లు అదనం. గగనతలం ఆంక్షలుంటే దారి ఇంకా చుట్టు తిరుగుతుంది. 2022 నుంచి అమెరికా విమానాలు రష్యా మీదుగా వెళ్లడం లేదు.

గాలిలో గడిపే సమయానికి ఒక్కో అంచె దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలపాలి. దోహా–డల్లాస్ అంచెకు ఇలా 14 గంటల 40 నిమిషాలు వస్తుంది. పడమటి నుంచి వీచే పైగాలులకు ఎదురు వెళ్లాలి కాబట్టి ఇంకో గంట, గంటన్నర వేసుకుని 16 గంటలనుకోవడం మేలు. మొదటి అంచెకు కూడా ఇలాగే ఎదురుగాలి కలుపుకుని నాలుగుంబావు గంటలు, దోహాలో ఆగే సమయం రెండుంబావు గంటలు కలిపితే పైన చెప్పిన 22న్నర గంటలు సరిపోతాయి.

ఇక గడియారం తేడా. డల్లాస్ మనకంటే చలికాలంలో 11న్నర గంటలు, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు 10న్నర గంటలు వెనుక ఉంటుంది. వెళ్లేటప్పుడు టికెట్టులో కనిపించే వ్యవధికి ఈ తేడాను కలపాలి, వచ్చేటప్పుడు తీసివేయాలి. జనవరిలో శుక్రవారం రాత్రి 7 గంటలకు డల్లాస్‌లో ఎక్కి ఆదివారం తెల్లవారుజామున 3 గంటలకు శంషాబాద్‌లో దిగితే, కనిపించే 32 గంటల్లో ప్రయాణం 20న్నర గంటలే. తీసుకురావడానికి వెళ్లేవారు మాత్రం ఇంటి నుంచి శనివారం రాత్రే కారు తీయాలి.