పునరుత్థానం మీద సందేహం వస్తే ఏం చేయాలి

యేసు చనిపోయి తిరిగి లేచాడని, అంటే పునరుత్థానుడయ్యాడని గుర్తుచేసుకునే ఈస్టర్ రోజు ఇంకా చీకటి ఉండగానే సమాధుల తోటలో పాస్టర్ గారు "క్రీస్తు లేచెను" అనగానే చుట్టూ ఉన్నవాళ్లంతా "నిజముగా లేచెను" అంటుంటే, మీకు మాత్రం ఆ మాట నోట్లోంచి రాలేదా? అయితే ఇది మీకోసమే. అమ్మ పోయిన మరుసటి ఏడు నాకు అలాగే అయింది. వైజాగ్‌లో పుట్టి, సండే స్కూల్లో పెరిగి, చిన్నప్పటినుంచీ ఏటా ఆ మాట అన్నదాన్ని. అమ్మ సమాధికి కొత్తగా వేసిన సున్నం వాసన తగులుతుంటే నోరు పెగల్లేదు.

ముందుగా మీ సందేహం దేని గురించో తేల్చుకోండి. యేసు నిజంగా లేచాడా అన్నది ఒక ప్రశ్న, మా అమ్మను మళ్లీ చూస్తానా అన్నది ఇంకొకటి. రెండూ కలిసిపోయి ఒకేలా కనిపిస్తాయి. నేను నెలల తరబడి పుస్తకాలు తిరగేశాక గానీ నన్ను తినేస్తున్నది రెండోదని తెలియలేదు. మీదీ రెండోదైతే పుస్తకాలు పక్కన పెట్టి, పోయినవాళ్లను బాగా ఎరిగిన మనిషి దగ్గర కూర్చోండి. నేను మా పిన్నిని తీసుకుని రాస్ హిల్ మీద మేరీమాత చర్చికి వెళ్లాను, కింద హార్బర్‌లోకి ఓడలు వస్తుంటే చూస్తూ సాయంత్రం దాకా అమ్మ గురించే చెప్పుకున్నాం, దేవుడి మాటే ఎత్తలేదు. ఆ రోజే కాస్త నిద్ర పట్టింది.

మొదటి ప్రశ్నే అయితే చదవాలి, అదీ యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల కంటే ముందు, కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరంలో (మొదటి కొరింథీయులకు) 15వ అధ్యాయం. పౌలు దాన్ని రాసింది యేసు సిలువ తర్వాత పాతికేళ్లలోపే, సుమారు క్రీ.శ. 55లో. తనకు అందిన మాటనే అందిస్తున్నానంటాడు, అంటే అది ఇంకా పాతది. లేచిన యేసు కేఫాకు (అంటే శిష్యుడు పేతురుకు), ఐదు వందలమందికి పైగా, యాకోబుకు, చివరికి తనకూ కనబడ్డాడని వరుసగా చెబుతాడు. పౌలు ఒకప్పుడు సంఘాన్ని హింసించినవాడు. యాకోబు యేసు తమ్ముడు, తమ్ముళ్లు ఆయన్ని నమ్మలేదని యోహాను 7లో ఉంది. ఇలాంటివాళ్లు ఎందుకు మారారో ఆలోచించండి.

అలాగని ఇబ్బంది పెట్టే సంగతులను దాటేయొద్దు. పౌలు ఆ వరుసలో ఖాళీ సమాధిని గానీ, అక్కడికి వెళ్లిన స్త్రీలను గానీ చెప్పడు. సమాధికి ఎంతమంది వెళ్లారో, అక్కడ ఎవరు కనబడ్డారో నాలుగు సువార్తల్లో ఒకేలా ఉండదు. మార్కు సువార్త అత్యంత పాత గ్రీకు ప్రతుల్లో 16:8 దగ్గరే ఆగిపోతుంది, స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు అన్నచోట. ఆ మార్కునే 1805లో విశాఖ వచ్చిన మిషనరీలు మత్తయి, లూకాలతో కలిపి ఇక్కడే తెలుగు చేశారు, 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. మన ఊరి పుస్తకం అనుకుని ఒకేసారి కూర్చుని చదవండి, 16:8 దగ్గర ఆగి ఆ భయంతో కాసేపు ఉండండి.

నాకు అర్థమైనంతవరకు చరిత్ర మనల్ని ఒక చోటిదాకా తెస్తుంది: శిష్యులు తాము చూశామని నిజంగానే నమ్మారు. వాళ్లు చూసింది ఏమిటన్నది చరిత్ర చెప్పగలిగేది కాదు. దుఃఖంలో కలిగిన దర్శనం అనేవాళ్లున్నారు, వాళ్ల మాటా వినండి.

ఎవరినైనా అడగాలంటే మనిషిని చూసి అడగండి. సందేహం సాతానుది, ఉపవాసముండు అని ఒక పెద్దాయన నాతో అంటే ఏడాదిపాటు నోరు మూసుకున్నాను, అది నాకు చాలా చెడు చేసింది. యూత్ మీటింగ్‌లో అందరి ముందూ అడగొద్దు, ఆరాధన అయ్యాక పాస్టర్ గారిని విడిగా కలిసి "అయ్యగారూ, జవాబు ఇప్పుడే వద్దు, ముందు వినండి" అనండి. వినకుండానే తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన మొదలుపెడితే మెల్లగా ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. పునరుత్థానుడిని ఎదురుగా చూసి మ్రొక్కినవాళ్లలోనే "కొందరు సందేహించిరి" అని మత్తయి 28:17లో ఉంది కదా, మీరేమీ కొత్త నేరం చేయలేదు.

సంఘం మాత్రం మానకండి. శిష్యుడు తోమా సంగతి చూడండి, యేసు లేచాడంటే నమ్మనని తెగేసి చెప్పాక కూడా ఎనిమిది రోజుల తర్వాత మిగతా శిష్యులతోనే ఆ ఇంట్లో ఉన్నాడు. వాళ్లు గెంటేయలేదు, ఆయనా వెళ్లిపోలేదు. మీ ఇంట్లో తమ్ముడో కూతురో ఇలాంటి మాట అంటే మీరూ అంతే చేయండి, వాదించకుండా అన్నం పెట్టండి, ఆదివారం పక్కన చోటు ఉంచండి.

వచ్చే ఈస్టర్‌కి తోటకు వెళ్లండి. ఆ మాట రాకపోతే అనకండి, ఊరికే నిలబడండి. నేను రెండేళ్లు అలాగే నిలబడ్డాను, మూడో ఏడు మెల్లగా అన్నాను, పక్కనున్న పిన్నికి వినిపించేంత. ముందురోజే సమాధి కడిగి, చామంతులు తెచ్చుకోండి, కొవ్వొత్తికి గాజు గ్లాసు పట్టుకెళ్లండి, గాలి వీస్తే ఆరిపోకుండా ఉంటుంది.