ఫేస్‌బుక్ స్నేహితుణ్ణి కలవడానికి బస్సెక్కే ముందు

ఒడిశాలోని రాయగడలో ఉంటూ పర్లాకిమిడి, బరంపురం తెలుగువాళ్లతో ఫోన్లో స్నేహం కుదిరిందా? సంతోషం. కలిసే ముందు ఇవి చూసుకోండి.

ఒక్కసారైనా వీడియో కాల్ మాట్లాడండి. మూడుసార్లు అడిగినా "కెమెరా పాడైంది" అంటే ప్రయాణం ఆపండి.

పాత ఫోటోల కింద సొంతూరివాళ్లు ఎవరైనా పలకరించారా చూడండి. ఫేస్‌బుక్ 5,000 మంది దాకా ఫ్రెండ్స్‌ని ఇస్తుంది. ఒంట్లో బాగోలేదంటే ఫోన్ చేసేవాళ్లు నలుగురుంటే గొప్ప.

రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపితే స్నేహం పెరగదు. వాళ్లమ్మకి కంటి ఆపరేషన్ అన్నారా, మర్నాడు "పట్టీ విప్పారా?" అని అడగండి. ఇటువైపు ఒడియా మీడియంలో చదివిన మనవాళ్లు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. జవాబు రాలేదని అలగకండి, వాయిస్ మెసేజ్ పెట్టండి. నేను అలా అలిగి రెండు నెలలు పోగొట్టుకున్నాను.

పగటిపూట, జనం మసిలే చోటే కలవండి. ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

ఇక డబ్బు. అడిగితే పంపకండి. యూపీఐలో డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, కొట్టమన్నారంటే మోసమే. పొరపాటున పోయిందా, సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.