గజ్జల్లో దురద: ట్యూబు కొనే ముందు చదవండి

పోయిన వారం మా చర్మవ్యాధుల ఓపీకి రొయ్యల గుంటల మీద పనిచేసే కుర్రాడొకడు వచ్చాడు. గజ్జల్లో తామర. సంక్రాంతి అప్పుడు మొదలైందట. మెడికల్ షాపులో అడిగితే ట్యూబు ఇచ్చారు. మూడు రోజులకే దురద పోయింది. ఆపాడు, మళ్ళీ వచ్చింది. మళ్ళీ పూశాడు. ఇప్పుడు తొడల లోపలివైపు చర్మం ఉల్లిపొర మాదిరి పల్చబడిపోయి, ఎర్రటి చారలు పడ్డాయి. తామర పిర్రల మీదుగా నడుము దాకా పాకింది. భార్యకూ, చంటిబిడ్డకూ అంటుకుంది. తామరకు మందుంది. ఆ చారలు మాత్రం రంగు తగ్గుతాయే గానీ పూర్తిగా పోవు.

ఎండలు ముదురుతున్నాయి. రోహిణి కార్తె వెళ్ళేదాకా ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. అల్లూరు, కావలి వైపు గుంటల్లో తడిబట్టలతో ఉండేవాళ్ళు, చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్ళు, పొగాకు బ్యారన్ల దగ్గర వేడికి మాడేవాళ్ళు, హైవే మీద రోజంతా లారీ సీటు దిగనివాళ్ళు. రోజూ స్నానం చేయండి, నూలు బట్టలు కట్టుకోండి అని మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. దురద ఎందుకొచ్చిందో తేలకుండా ట్యూబు పూయకండి.

షాపులో చేతికిచ్చే ట్యూబుల్లో చాలావాటిలో మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి. ఒకటి ఫంగస్‌కి, ఒకటి బాక్టీరియాకి, ఇంకొకటి స్టెరాయిడ్. దురదను చిటికెలో తగ్గించేది ఆ స్టెరాయిడే. అది చర్మంలో మంటను అణుస్తుంది, దాంతోపాటు చర్మం ఫంగస్‌తో చేసే పోరాటాన్నీ అణుస్తుంది. పైకి ఎరుపు తగ్గుతుంది, అడుగున ఫంగస్ హాయిగా పెరుగుతుంది. తామరకు ఉండే గుండ్రటి అంచు చెరిగిపోయి, చూసిన డాక్టరు కూడా గుర్తుపట్టలేనంతగా రూపం మారుతుంది. గజ్జల్లో చర్మం అసలే పలచన, పైగా మడత. అరచేతి మీద పూసినదానికంటే అక్కడ మందు ఎన్నో రెట్లు ఎక్కువ లోపలికి ఇంకుతుంది.

ఇంట్లో ఉన్న ట్యూబు తీసి సన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మోమెటాసోన్ అని ఏదైనా కనపడితే అది స్టెరాయిడ్. క్లోట్రిమజోల్, లులికోనజోల్ లాంటి ‘జోల్’ పేర్లు, టెర్బినాఫిన్ ఫంగస్ మందులు. రెండు రకాలూ ఒకే ట్యూబులో ఉంటే పక్కన పెట్టేయండి. ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇస్తూనే ఉన్నారు.

తామరే అయితే మందు నాలుగు వారాలకు తక్కువ పడదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. దురద పోయిన రోజున ఆపేస్తే మళ్ళీ మొదటికే. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర పూయాలి.

కానీ అక్కడి దురదంతా తామర కాదు. రాత్రుళ్ళు ఎక్కువై, వేళ్ళ సందుల్లో, బొడ్డు చుట్టూ కూడా ఉండి, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే గజ్జి. మగవాళ్ళకు అంగం మీద గట్టి గడ్డల్లా లేస్తాయి. దీనికి ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు పూసుకోవాలి. మెడ నుంచి పాదాల దాకా పర్మెత్రిన్, పొద్దున్నే స్నానం, వారానికి ఇంకోసారి. ఒక్కరే పూసుకుంటే వృథా. చంటిపిల్లలకు ఎలా పూయాలో మాత్రం డాక్టరునే అడగండి.

ఆడవాళ్ళకు పెరుగు విరిగినట్టు తెల్లగా పడుతూ మంటగా ఉంటే ఈస్టు అనే ఫంగస్. పచ్చగా, నురగగా పడితే ట్రైకోమోనాస్ అనే క్రిమి కావచ్చు, అప్పుడు భర్తకూ మందు వాడాల్సిందే. చేపల వాసనొస్తే అది బాక్టీరియా పని. తెల్లబట్ట పేరుతో అన్నింటికీ ఒకే మాత్ర మింగడం వల్లే ఇవి ముదురుతున్నాయి. ముట్లు ఆగిపోయినవాళ్ళకు లోపల పొడిబారి దురద పెట్టొచ్చు. అక్కడ చర్మం తెల్లగా, కాగితంలా ముడతలు పడితే బొల్లి అని వదిలేయకండి. లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బు ఉంది, ఏళ్ళ తరబడి వదిలేస్తే కొద్దిమందిలో క్యాన్సర్‌కి దారితీస్తుంది. దానికి క్లోబెటాసోలే వాడతారు. జబ్బు తేల్చి, కొలత చెప్పి, మళ్ళీ చూసి వాడతారు. షాపు ట్యూబుకూ దానికీ తేడా అదే.

షుగర్ సంగతి విడిగా చెప్పాలి. మగవాళ్ళకు ముందుతోలు పగిలి, తెల్లటి పొర కట్టి, వెనక్కి లాగితే మంట పుడుతుంటే ముందు షుగర్ పరీక్ష చేయించండి. షుగర్ ఉందని ఈ పరీక్షలోనే తెలిసినవాళ్ళను చూశాను. ఇప్పటికే షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే అవి చక్కెరను మూత్రంలోకి పంపుతాయి, అక్కడ ఈస్టు పెరిగే వీలు ఎక్కువ. మాత్ర మీరే ఆపకండి, రాసిన డాక్టరుకు చెప్పండి.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే పరీక్షకు వెళ్ళాలి. ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెడితే వెళ్ళాలి. పుండు, నీటిపొక్కు, పులిపిరి, చీము, మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, జ్వరం, వీటిలో ఏది కనపడినా రెండు వారాలు ఆగొద్దు. గర్భిణి అయితే అసలు ఆగొద్దు. నొప్పిలేని పుండు కదా అని వదిలేయకండి, సిఫిలిస్ పుండు తరచూ నొప్పి పుట్టదు, దురదా పెట్టదు, దానంతటదే మానుతుంది. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది.

పరీక్ష అంటే భయపడేదేం లేదు. తామర అంచు దగ్గర పొట్టు కాస్త గీకి, గాజుపలక మీద మందు చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు, ఫంగస్ దారాల్లా కనపడుతుంది. తెల్లబట్ట అయితే దూదిపుల్లతో తీస్తారు. రక్తం తీసి షుగర్, సిఫిలిస్, హెచ్‌ఐవి చూస్తారు. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగాలున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లు, హెచ్‌ఐవి పరీక్ష చేసి సలహా చెప్పే ఐసీటీసీ కేంద్రాల్లో డబ్బు తీసుకోరు. మీ హెచ్‌ఐవి ఫలితం మీ అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పడాన్ని, కొన్ని మినహాయింపులు తప్ప, 2017 చట్టం ఒప్పుకోదు. అక్కడికి వెళ్ళడానికీ మనసొప్పకపోతే హెచ్‌ఐవి హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బు పడదు.

ఇక వరసగా చెప్తున్నా, వినండి. డెట్టాల్ పోసి కడగొద్దు. ఉప్పు, నిమ్మకాయ, వేపనూనె, పెట్రోలు, ఏదీ పూయొద్దు. లోపలికి నీళ్ళు చిమ్మి కడగొద్దు. సువాసన పౌడరు వద్దు. పక్కింటివాళ్ళు వాడిన ట్యూబు వద్దు. పరీక్షకు వెళ్ళేముందు మందు పూసుకోవద్దు, పొట్టులో ఫంగస్ కనపడదు. దురద తగ్గిందని స్టెరాయిడ్ ట్యూబు ఇంకోసారి తీయొద్దు. నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఆపితే మంట రేగుతుంది, భయపడి మళ్ళీ పూయొద్దు, డాక్టరును కలవండి. ఒకే తువ్వాలు ఇద్దరు తుడుచుకోవద్దు. లోబట్టలు నీడలో ఆరేయొద్దు, ఎండలో బాగా ఆరాకే తొడుక్కోండి. గుంటల నుంచి రాగానే తడి లుంగీ విప్పేయండి. డాక్టరు చూపించమంటే చూపించండి, నోటితో చెప్పి చీటీ రాయించుకోవద్దు. పిల్లలకు ఆసనం చుట్టూ రాత్రిపూట దురద ఉంటే నులిపురుగులేమో చూపించండి. పిల్లలకు పెద్దల ట్యూబు పూయొద్దు, పూయొద్దు. కొత్తవాళ్ళతో శారీరకంగా కలిసుంటే ఇప్పుడు పరీక్ష చేయించి, మూడు నెలలకు హెచ్‌ఐవి మరోసారి చేయించండి, ముందే చేస్తే దొరక్కపోవచ్చు. భార్యాభర్తలిద్దరూ వెళ్ళండి, ఒకరికే మందు వాడితే రెండోవాళ్ళ దగ్గర్నుంచి తిరిగొస్తుంది. ఫలితం చేతికొచ్చేదాకా కండోమ్ లేకుండా కలవొద్దు.