పాత గోల్ఫ్ కార్ట్‌ని రేస్ ట్రాక్ దగ్గర లోడ్ గుంజే బండిగా ఎలా మార్చుకోవాలి?

రేస్ అనంగనే అందరికీ ట్రాక్ మీద ఉరికే బండ్లే గుర్తొస్తయి గానీ, వెనక ప్యాడాక్‌లో (బండ్లు నిలిపి రిపేర్లు చేసుకునే జాగల) టైర్లు మోసుడు, జాకీలు మోసుడు, పెట్రోల్ క్యాన్లు తెచ్చుడు, నడుమల ఆగిపోయిన బైక్‌నో గో కార్ట్‌నో గుంజుకొచ్చుడు, ఇదంతా చేతులతోనే చేస్తే సగం రోజు దానికే పోతది. మన వరంగల్, కాజీపేట, కరీంనగర్ దిక్కు ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు సొంతంగా బండ్లు కట్టుకుంటున్నరు, కొందరు బైకులేసుకొని చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ దాకా, కోయంబత్తూర్ కరి స్పీడ్‌వే దాకా పోతున్నరు. అసుంటోళ్లకి పాత గోల్ఫ్ కార్ట్ (గోల్ఫ్ మైదానాల్లో తిరిగే చిన్న బ్యాటరీ బండి) ఒకటి దొరికితే అంతకంటే పనికొచ్చే బండి ఇంకోటి లేదు. రిసార్ట్‌లోళ్లు, క్లబ్బులోళ్లు బ్యాటరీలు పోయినంక అమ్మేస్తుంటరు, హైదరాబాద్ దిక్కు అడిగి చూడండి.

బండి కొన్నోళ్లు అందరూ ఫస్ట్ అడిగేది స్పీడ్ ఎంత పెంచొచ్చు అని. నేను చెప్పే వరుస వేరే: ముందు బ్రేకులు, తర్వాత హుక్కు, మోటార్ సంగతి ఆ తర్వాత. ప్యాడాక్ నిండా మనుషులు నడుస్తుంటరు, పిల్లలుంటరు, మీ వెనక ట్రాలీలో 300 కిలోలుంటయి, అక్కడ బండి ఆగుడే అన్నిటికంటే పెద్ద పని.

స్టెప్ 1: కొనేటప్పుడే చూసుకోవాల్సినవి

సీటు లేపి బ్యాటరీ ట్రే చూడాలె. పైన పెయింట్ మంచిగనే కనిపిస్తది, అందుకే స్క్రూడ్రైవర్ తీస్కొని మూలమూలకు పొడిచి చూడండి. యాసిడ్ తిన్న చోట ఇనుము పొరలు పొరలుగా లేస్తది, కొన్నిసార్లు స్క్రూడ్రైవర్ సీదా అవతలికి దిగుతది. ట్రే ఒక్కటే పోతే వేరేది కట్టించుకోవచ్చు గానీ దాని కింద మెయిన్ చాసిస్ పట్టీలు కూడా పోయినయంటే ఆ బండి వదిలేయండి, లోడ్ గుంజే పనికి అది రాదు.

చాసిస్ ఇనుమా అల్యూమినియమా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలె. ఈ జీ గో కంపెనీ బండ్లకి స్టీల్ ఉంటది, క్లబ్ కార్ కంపెనీ వాటికి అల్యూమినియం. అల్యూమినియం మీద ఇనుప హుక్కు వెల్డింగ్ కాదు, ప్లేట్లు పెట్టి బోల్టులతోనే బిగించాలె, నడుమల రబ్బరు షీట్ పెట్టాలె, లేకుంటే రెండు లోహాలు తగిలిన చోట తడికి తినుకుంట పోతది.

ఇగ మోటార్. మోటార్‌కి వచ్చే వైర్లు చూడండి, నాలుగూ లావు కేబుళ్లే ఉంటే సిరీస్ మోటార్, రెండు లావు రెండు సన్నం ఉంటే సెపరేట్ ఫీల్డ్‌ది, దాన్నే సెపెక్స్ అంటరు. సిరీస్ మోటార్ కదిలేటప్పుడు గట్టిగ గుంజుతది, లోడ్ పనికి నాకు అదే ఇష్టం. సెపెక్స్‌కి రీజెన్ (మోటారే బ్రేక్ లెక్క పని చేసి కరెంట్‌ని తిరిగి బ్యాటరీకి పంపుడు) ఉంటే దిగుడులో అదే స్పీడ్ పట్టి ఆపుతది, అదీ చిన్న లాభం కాదు, ఏది దొరికినా పని నడుస్తది.

స్టెప్ 2: చెయ్యి పెట్టే ముందు

సీటు కింద టో (బండిని గుంజుకపోయేటప్పుడు), రన్ (నడిపేటప్పుడు) అని స్విచ్ ఉంటే టోలో పెట్టండి, తర్వాత బ్యాటరీ ప్యాక్ మెయిన్ నెగెటివ్ కేబుల్ ఊడదీయండి. ఉంగరాలు, వాచీ, కడియం తీసి పక్కన పెట్టాలె. 48 వోల్ట్‌లే కదా షాక్ కొట్టదని తేలిగ్గ తీసుకోవద్దు, రెండు టర్మినళ్ల మీద పానా పడితే వేల ఆంపియర్లు పారి పానానే కరిగిపోతది. పానాలకి పిడి దాకా ఇన్సులేషన్ టేప్ చుట్టుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తది, షట్టర్ మూసిన షెడ్డులో ఛార్జింగ్ పెట్టుడు, పక్కనే వెల్డింగ్ చేసుడు రెండూ వద్దు.

స్టెప్ 3: బ్రేకులు

మామూలు గోల్ఫ్ కార్ట్‌కి వెనక రెండు చక్రాలకే డ్రమ్ బ్రేకులు, అవి కూడా కేబుల్‌తో నడిచేవి. ఇద్దరు మనుషులకీ రెండు గోల్ఫ్ బ్యాగులకీ అవి చాలు, మనకి చాలయి. డ్రమ్ములు విప్పి లేత్ మీద కోయించండి, షూలు కొత్తవి వేయండి, కేబుళ్లు తుప్పు పట్టి పీకుడు పీకుడుగా వస్తుంటే మార్చేయండి. రెండు దిక్కులా సమానంగా పట్టేటట్టు అడ్జస్ట్ చేసుకోవాలె, ఒక పక్కనే ముందు పడితే లోడ్‌తో బ్రేక్ కొట్టినప్పుడు బండి అడ్డం తిరుగుతది. బడ్జెట్ ఉంటే ముందు చక్రాలకి హైడ్రాలిక్ డిస్క్ కిట్ వేయించండి, నేనైతే మ్యూజిక్ సిస్టమ్, అల్లాయ్ వీల్స్ అన్నీ ఆపి ముందు దీనికే పైసలు పెట్టమంట.

బ్రేకులు లేని ట్రాలీ అయితే సరుకుతో కలిపి కార్ట్ బరువులో సగం దాటొద్దు, ఇది నా లెక్క. అంతకు మించితే ట్రాలీకే సొంత బ్రేకులుండాలె.

స్టెప్ 4: హుక్కు

వెనక బంపర్‌కో, గోల్ఫ్ బ్యాగులు పెట్టే స్టాండ్‌కో హుక్కు తగిలిస్తే నాలుగు రోజులకే ఊడొస్తది. గుంజే బలం మెయిన్ చాసిస్ రెండు పట్టీల మీదికి పోవాలె. వరంగల్ ఆటోనగర్‌లో ట్రాక్టర్ ట్రాలీలు కట్టేటోళ్లకి ఈ పని వెన్నతో పెట్టిన విద్య, వాళ్లకి మీరు చెప్పాల్సింది రెండే మాటలు: రెండు పట్టీలని కలుపుతూ అడ్డం బాక్స్ పైపు, దాని నడుమల 8 మిల్లీమీటర్ల ప్లేట్ మీద హుక్కు. బోల్టులు 8.8 గ్రేడ్ ఉండాలె, తల మీద ఆ అంకె గుద్ది ఉంటది చూస్కోండి.

హుక్కు ఎత్తు మస్తు ముఖ్యం. వెనక యాక్సిల్ ఎత్తు కంటే పైన పెడితే ఎక్కుడులో గుంజినప్పుడు ముందు చక్రాలు తేలికయి స్టీరింగ్ పని చేయదు. యాక్సిల్‌కి సమానంగానో కొంచెం కిందనో పెట్టండి. ట్రాలీలో సామాన్ సర్దేటప్పుడు మొత్తం బరువులో పదోవంతు దాకా హుక్కు మీద పడేటట్టు చూస్కోవాలె, 300 కిలోలకి 30 కిలోలు. అంతా వెనకకి సర్దితే ట్రాలీ తోక ఆడిస్తది. ఆగిపోయిన కార్‌ని గుంజాలంటే తాడు కంటే ఇనుప టో బార్ మేలు, తాడే ఉంటే వెనక బండిలో బ్రేక్ మీద కాలు పెట్టుకొని ఒక మనిషి తప్పకుండా ఉండాలె.

వెనక కమాన్ పట్టీలకి ఒక పట్టీ అదనంగా వేయిస్తే చాలు, కమాన్ పని చేసేటోళ్లు ఒక పూటలో చేసిస్తరు.

స్టెప్ 5: కరెంట్ పని

ఒక లెక్క చూద్దాం. కార్ట్, ఇద్దరు మనుషులు, ట్రాలీ కలిపి 1200 కిలోలు అనుకోండి. చదునైన తారు రోడ్డు మీద దాన్ని దొర్లించడానికి సుమారు 18 కిలోల బలం చాలు. అదే 20 మీటర్లకి 1 మీటరు లేచే ఎక్కుడు వస్తే ఇంకో 60 కిలోలు తోడవుతది, అంటే నాలుగింతల పైనే. మోటార్ కాలేది, సోలనాయిడ్ (బ్యాటరీ కరెంట్‌ని మోటార్ దిక్కు కలిపే పెద్ద స్విచ్) అతుక్కునేది అసుంటి చోట్లనే.

అందుకే కంట్రోలర్ (మోటార్‌కి పోయే కరెంట్‌ని అదుపు చేసే డబ్బా) 400 ఆంపియర్లది వేస్తే సోలనాయిడ్ కూడా దానికి తగ్గదే వేయాలె, పాత సన్న కేబుళ్లు తీసేసి 35 స్క్వేర్ మిల్లీమీటర్ల కాపర్ కేబుల్ వేయాలె. లగ్గులు (కేబుల్ కొసలకు వేసే రాగి మూతులు) సుత్తితో కొట్టిస్తే లూజయి వేడెక్కుతయి, హైడ్రాలిక్ క్రింపింగ్ చేయించండి. టర్మినళ్ల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే వంటసోడా నీళ్లతో కడిగి, ఆరినంక బిగించి పైన వాసెలిన్ రాయండి.

స్పీడ్ పెంచే గేర్లు వద్దు, లోడ్ గుంజే బలం పోతది. పెద్ద టైర్లు కూడా అదే పని చేస్తయి, 18 ఇంచుల టైరు తీసి 22 ఇంచులది వేస్తే గుంజుడు 18 శాతం తగ్గుతది.

బ్యాటరీలు లెడ్ యాసిడ్ అయితే అన్నీ ఒక్కసారే కొనాలె, కొత్తవీ పాతవీ కలిపితే పాతవి కొత్తవాటిని కూడా పాడు చేస్తయి. మన దగ్గర మే నెల ఎండలకి నీళ్లు జల్ది ఇగురుతయి కాబట్టి ఎండాకాలం వారం వారం చూసి, ఫుల్ ఛార్జ్ అయినంకనే డిస్టిల్డ్ వాటర్ పోయండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వేస్తే బండి వంద కిలోలకు పైగా తేలికైతది, కానీ దానికి ఛార్జర్ మార్చాలె, బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) మీ కంట్రోలర్ తీసుకునే ఆంపియర్లు తట్టుకునేది ఉండాలె, లేకుంటే సరిగ్గా ఎక్కుడు మీదనే కట్ అయి బండి వెనకకి దొర్లుతది.

లైట్లకి, టైర్లలో గాలి కొట్టే కంప్రెసర్‌కి 12 వోల్ట్‌లు కావాలని ఒకటి రెండు బ్యాటరీల నుంచి వైర్ గుంజుతరు, అది వద్దు, ఆ బ్యాటరీలు ముందే చస్తయి. 48 నుంచి 12కి మార్చే కన్వర్టర్ మొత్తం ప్యాక్ మీద పెట్టి, ఫ్యూజ్ వేయండి.

స్టెప్ 6: ట్రాక్ సామాన్

వెనక సీటు తీసేసి చెకర్డ్ ప్లేట్ డెక్ వేసి టైర్లు నిలబెట్టే పైపు స్టాండ్ కట్టించండి. పొడి పౌడర్ ఫైర్ సిలిండర్ డ్రైవర్ చేతికి అందే దిక్కు ఉండాలె. పసుపు రంగు తిరిగే లైటు, హారన్, రివర్స్ బజర్, బయటి నుంచి ఎవరైనా నొక్కగలిగే ఎర్ర కట్ ఆఫ్ స్విచ్ పెట్టండి. పెట్రోల్ క్యాన్లు సీటు కింద బ్యాటరీల దగ్గర ఎప్పుడూ పెట్టొద్దు, అక్కడ సోలనాయిడ్ కొట్టినప్పుడల్లా నిప్పురవ్వ వస్తది, క్యాన్లు వెనక ట్రాలీలో గాలి ఆడే చోటనే.

స్టెప్ 7: టెస్ట్, తీసుకపోవుడు

ఖాళీ గ్రౌండ్‌లో 50 కిలోల సిమెంట్ బస్తాలు రెండు వేసి నడిపి, 15 స్పీడ్‌లో బ్రేక్ కొట్టి ఎంత దూరంలో ఆగిందో సున్నంతో గీత గీయండి, తర్వాత నాలుగు, ఆరు బస్తాలు. గీత ఎక్కడ ఒక్కసారిగా దూరం జరిగిందో దాని కంటే ముందు బరువే మీ లిమిట్, దాన్ని డెక్ మీద పెయింట్‌తో రాయించండి. లోడ్ టెస్ట్ అయినంక హుక్కు బోల్టులు, చక్రాల నట్లు అన్నీ మళ్లీ బిగించాలె, కొత్త పని ఫస్ట్ రన్‌లో కొంచెం కూర్చుంటది.

ఇది రోడ్డు బండి కాదు. మోటార్ 250 వాట్లు దాటిందంటే రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కొద్దు. డీసీఎంలో ఎక్కించి తీసుకపోండి. పార్కింగ్ బ్రేక్ వేసి, బెల్టులు టాపు కడ్డీలకి కాకుండా చాసిస్‌కే కట్టాలె. సెపెక్స్ బండిని ఇంకో బండితో గుంజాల్సి వస్తే స్విచ్ టోలో ఉందో లేదో చూసినంకనే కదిలించండి, రన్‌లోనే ఉంటే తిరిగే మోటార్ కరెంట్ పుట్టించి కంట్రోలర్‌ని కాల్చేస్తది.